ధర్మకాంటా దగ్గర ఇంటి పిలుపు

ఈ ఆదివారం పొద్దున అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండానే, పోయి తమ్ముణ్ణి పిలువు అంది. అన్నానికి ఇంకా వేళ కాలేదు, ఇంటికి చుట్టాలెవరూ రాలేదు, బజారు నుంచి తేవలసిందేమీ లేదు. అయినా ఎందుకని నేను అడగలేదు. కొల్లూరులో ప్రభుత్వం ఇచ్చిన ఈ చిన్న ఇంట్లో ఎవరేం చేస్తున్నదీ ఎవరికీ దాగదు. లోపలి గదిలో తమ్ముడు గోడకు వీపు ఆనించి ఫోన్‌లో పత్తాలు, అదే పేకాట, ఆడుతున్నాడు. చాయ్ తాగేటప్పుడే, ఇవాళ నాకు బాగా పడుతున్నాయి అక్కా అని సంతోషంగా చెప్పాడు కూడా. అదే గదిలో మంచం మీద మరదలు పిల్లదాని బట్టలు మడతపెడుతోంది, మడతపెట్టినవి బీరువాలో కాకుండా సంచిలో పెడుతోంది. అది నేను చూశాను, అమ్మ చూసింది, తమ్ముడు మాత్రం చూడలేదు.

పోయి పిలువు. ఎన్నేళ్ళయిందో అమ్మ నోట ఆ మాట విని. చేతిలో ఉన్న పుస్తకం మూసి లేచానే కానీ, వంటింటికీ ఆ గదికీ మధ్య ఉన్న నాలుగడుగులు నడవలేక గోడకు చేయి ఆనించి నిలబడిపోయాను. కాళ్ళ కింద ఉన్నది చల్లటి టైల్స్ అని తెలుసు, అయినా పాదాలకు ఎండకు కాలిన ఇనుము తగిలినట్టయింది.

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు ఫ్యాక్టరీల పక్కన పెరిగిన నా ఈడు వాళ్ళకు నేను చెప్పబోయేది కొత్త కాదు. సైరన్ వినబడితే పొయ్యి ముట్టించే ఇళ్ళు మనవి, నాయిన ఏ షిఫ్టులో ఉన్నాడన్నదాన్ని బట్టి ఇంట్లో గట్టిగా నవ్వాలా వద్దా అని నేర్చుకున్న పిల్లలం మనం. మేము చిట్కుల్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. మా నాయిన అట్టలు తయారుచేసే మిల్లులో, అట్టను చుట్టలుగా చుట్టే మిషన్ మీద పని చేసేవాడు. ఆ మిల్లుకు ఎక్కడెక్కడి నుంచో రద్ది, అంటే చిత్తు కాగితం, లారీల్లో వచ్చేది. ఆ మోపుల్లోంచి అట్ట చిరిగిన పత్రికలు, మొదలు లేని నవలలు, చివర లేని కథలు ఏరి, చొక్కా లోపల దోపుకుని నాయిన నా కోసం తెచ్చేవాడు. తనకు చదువు రాదు కాబట్టి బొమ్మ బాగుంటే మంచి పుస్తకం అనుకునేవాడు. అట్లా ఒకసారి పశువుల రోగాల గురించిన పుస్తకం తెస్తే, దాన్ని కూడా నేను నవల చదివినట్టే చదివాను. చివరి పేజీలు లేని కథలకు చివరలు నేనే ఊహించి డైరీలో రాసుకునేదాన్ని. మాటలు రాని పిల్లకు ఆ రాత ఒక తోడు. ఇప్పుడు మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నా నా పద్ధతి పెద్దగా మారలేదు, మధ్యాహ్నం డబ్బా తిన్నాక ఒక మూల పుస్తకం తెరుచుకుంటే నన్ను ఎవరూ కదిలించరు. ఆ రోజుల్లో అయితే నా సిగ్గు గురించి మా గల్లీ అంతా నవ్వుకునేది. కొట్టుకు పంపితే ఉప్పు కావాలని చెప్పలేక ఉప్పు బస్తా పక్కన నిలబడేదాన్ని, అడిగేదాకా.

అట్లాంటి నాకు, మా ఇంట్లో అప్పజెప్పిన పని ఏమిటంటే, పత్తాలాట మధ్యలోకి వెళ్ళి నాయినను పిలుచుకు రావడం.

మిల్లు గేటు పక్కనే లారీలను తూకం వేసే ధర్మకాంటా ఉండేది. నేల మీద పరిచిన పెద్ద ఇనుప పలక, దాని అవతల తూకం చూసే చిన్న గది, ఆ గది ముందు రేకుల నీడ. ఆదివారాలు లారీలు రావు కాబట్టి ఆ రేకుల కింద పాత బొంత పరుచుకుని మిల్లు మనుషులు మూడు పత్తాల ఆట ఆడేవాళ్ళు. తలా ఇంత వేసి, మూడేసి పత్తాలు పంచుకుని, కొందరు చూసి, కొందరు చూడకుండా పందెం పెంచుకుంటూ పోయే ఆట. ఆ ఆటకు మీకు తెలిసిన నియమాలే ఉండేవి, కానీ లేవడానికి మాత్రం అక్కడి వాళ్ళకే సొంతమైన ఒక కట్టు ఉండేది. జేబు ఖాళీ అయినవాడు ఎప్పుడైనా బట్టలు దులుపుకుని లేచి పోవచ్చు. గెలుస్తున్నవాడు మాత్రం తనంతట తాను లేవకూడదు. అందరూ ఒకే గేటులోంచి లోపలికి పోయి, ఒకే గేటులోంచి బయటికి వచ్చేవాళ్ళు కాబట్టి, ఒకడి జేబులోకి పోయింది ఇంకొకడి ఇంటి బియ్యమే అని అందరికీ తెలుసు, అందుకే ఓడినవాళ్ళకు తిరిగి గెలుచుకునే అవకాశం ఇవ్వకుండా లేచిపోవడం అన్నం ముందు నుంచి కంచం లాగేయడం లాంటిదని వాళ్ళ లెక్క. దీనికి ఒక్కటే మినహాయింపు, ఇంటి పిలుపు. ఇంట్లోంచి ఆలో, తల్లో, పిల్లో స్వయంగా వచ్చి అందరి ముందూ నిలబడి రమ్మంటే, ఎంత గెలుస్తున్నవాణ్ణి అయినా ఇక ఎవరూ ఆపేవాళ్ళు కాదు. ఇంటి పిలుపును ఆపితే తమ ఇంటికి తగులుతుందని భయం.

ఈ కట్టు తెలిసిన నాయిన, అమ్మ కలిసి ఒక ఉపాయం చేశారు. ఆట బాగా సాగుతుంటే నాయిన భుజం మీది తువ్వాల తీసి రేకుల నీడకు ఉన్న ఇనుప గొట్టం మీద ఆరేసినట్టు వేసేవాడు. మా గల్లీ మలుపు నుంచి అది కనబడేది. అమ్మ నీళ్ళ బిందెతో మలుపు దాకా వెళ్ళి చూసి వచ్చి, పోయి పిలువు అనేది. వాళ్ళ దగ్గరికి పోవాలంటే ఆ ఇనుప పలక దాటక తప్పదు, మనిషి అడుగు పడితే చాలు అది ధన్ మని మోగేది, ఆ చప్పుడుకు బొంత మీది తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగేవి. తల వంచుకుని, నాయినా అమ్మ రమ్మంటుంది అని గాలికి చెప్పినట్టు చెప్పేదాన్ని. నాయిన విసుగు నటిస్తూ లేచేవాడు. దారిలో నా తల మీద చేయి వేసి నడిచేవాడు, ఆ చేయి బరువు మాత్రం నాకు ఇష్టంగా ఉండేది.

వాళ్ళలో పెద్ద, మిల్లులో బాయిలర్ మీద పనిచేసే ఒకాయన. నాయినకు అన్నలాంటివాడు, మేము ఆయనను కాక అనేవాళ్ళం. తువ్వాల సంగతి ఆయన ఎప్పుడో పసిగట్టి ఉంటాడు. ఒకనాడు నేను పిలవగానే నాయిన వైపు చూసి, నవ్వుతూనే అన్నాడు.

"మీ ఇంట్ల బియ్యం నువ్వు గెల్సినప్పుడే ఉడుకుతయారా?"

బొంత మీద అందరూ నవ్వారు, నాయిన కూడా నవ్వాడు. అయినా నాయినను ఎవరూ ఆపలేదు. కట్టు అంటే కట్టే.

అప్పటిదాకా అది సరదా. మిల్లు మూతపడ్డాక సరదా పోయింది. ఒకనాడు పొద్దున షిఫ్టుకు వెళ్ళిన నాయిన సైరన్ మోగకముందే తిరిగి వచ్చి, గేటుకు తాళం వేసి కాగితం అంటించారని, ఆ కాగితం ఇంగ్లీషులో ఉందని చెప్పాడు. నన్ను తీసుకెళ్ళి చదివించాడు. గేటు ముందు అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి నేను చదివింది నాకు సగమే అర్థమయింది, అర్థమైన సగం బయటికి చెప్పలేక నేను నాయిన చొక్కా పట్టుకున్నాను. అదే చాలు, ఆయనకు తెలిసిపోయింది. లారీలు రావడం ఆగిపోయింది కాబట్టి ధర్మకాంటా కూడా మూసేశారు. ఇక ఆదివారమనే తేడా లేకుండా రోజూ ఆ రేకుల కింద బొంత పరిచే ఉండేది. పని వెతకడానికని పొద్దున బయలుదేరిన మనుషులు పదకొండు గంటలకల్లా అక్కడికే చేరేవాళ్ళు. నా పుస్తకాలు ఆగిపోయాయి, ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, అప్పుడు అది చెప్పుకోవలసిన కష్టమూ కాదు.

సరదా కోసం ఆడినప్పుడు లేవడం తెలిసిన నాయిన, తిండి కోసం ఆడటం మొదలుపెట్టాక లేవడం మరిచిపోయాడు. ఇంతకు ముందు ఎంత వచ్చినా ఎక్కువే అనిపించేది, ఇప్పుడు ఎంత వచ్చినా తక్కువే. గెలిచింది చూసుకుంటే కిరాయికి సరిపోయేది, కిరాయి అనుకోగానే కొట్టు బాకీ గుర్తొచ్చేది, బాకీకి ఇంకొక్క ఆట, ఆ ఆటలో సగం పోయేది. తువ్వాల గొట్టం మీద పడేది, అమ్మ పంపేది, నేను ఇనుప పలక మోగించుకుంటూ వెళ్ళి పిలిచేదాన్ని, నాయిన పత్తాల మీంచి కళ్ళెత్తకుండా, వస్తున్న పో అనేవాడు. ఇంటి పిలుపును ఆపింది వాళ్ళు కాదు, నాయినే. ఒకరోజు అట్లా మూడోసారి కూడా నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చేసరికి అమ్మ పొయ్యి ఆర్పేసి కూర్చుంది. సాయంత్రం నాయిన వచ్చాడు, జేబులు చూసుకోవలసిన పని లేకుండా ఆ నడకలోనే తెలిసిపోయింది. అమ్మ పండుగకు కొన్న కొత్త చీర అమ్మేసి పక్కన పెట్టిన కిరాయి కూడా ఆ రోజే పోయింది.

అమ్మ ఏడవలేదు, అరవలేదు. మర్నాడు తమ్ముడి బట్టలు సంచిలో సర్దుకుని, ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఉన్న అమ్మమ్మ ఇంటికి బయలుదేరింది. నాకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి నన్ను తీసుకెళ్ళడానికి లేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో సంగారెడ్డి బస్సు కోసం నిలబడినప్పుడు, ఆట మానేస్తానని తమ్ముడి తల మీద చేయి పెట్టబోయాడు నాయిన. అమ్మ ఆ చేయి పట్టుకుని పక్కకు తీసింది.

"ఇడుస్తనని ఒట్టు పెట్టకు, అబద్ధమైతది. ఓడినంక ఎవ్వడైనా లేస్తడు. ఒక్కపారి గెలుస్తున్నప్పుడు, ఎవ్వలు పిల్వకుండ, నీ అంతట నువ్వు లేసి రా. ఆనాడు నేనొస్త."

బస్సు వచ్చింది, వాళ్ళు ఎక్కారు. తమ్ముడు కిటికీలోంచి చేయి ఊపాడు, వాడికి ఊరికి పోవడమంటే సంబరం.

ఆ తర్వాతి వారాలను గురించి నా డైరీలో పెద్దగా ఏమీ లేదు. తేదీ వేసి, కింద ఖాళీ వదిలిన పేజీలు ఉన్నాయి. పొద్దున వంట చేసి బడికి పోయేదాన్ని, బడి నుంచి వస్తూ గల్లీ మలుపులో ఆగి గొట్టం వైపు చూసేదాన్ని. తువ్వాల లేకపోతే ఒక భయం, ఉంటే ఇంకో భయం. ఇంటి యజమాని భార్య నీళ్ళ దగ్గర కలిసినప్పుడల్లా, మీ అమ్మ ఎప్పుడొస్తుంది బిడ్డా అని అడిగేది, అది కిరాయి అడగడమేనని మా ఇద్దరికీ తెలుసు. నేను తల ఊపి బిందె ఎత్తుకునేదాన్ని. ఇంట్లో నాయినా నేనూ ఒకరి ఎదురుగా ఒకరం కూర్చుని తినేవాళ్ళం. ఒక్కోసారి ఆయనే చెప్పుకునేవాడు, ఇవాళ లేద్దామనుకున్నానని, కాక చేయి పట్టుకుని కూర్చోబెట్టాడని. అది నిజమే కావచ్చు. మా ఎదురింటి చిన్నమ్మ కూడా చూసిందట. గెలిచి లేస్తే మా మొహం మీద ఉమ్మినట్టేనని కాక అన్నాడట. కానీ చేయి పట్టుకుంటే కూర్చున్నాడన్నది కూడా నిజమే కదా అని నాకు అనిపించేది. కూర్చోవాలని ఉన్నవాణ్ణి కూర్చోబెట్టడానికి ఎంత బలం కావాలి. అమ్మ ఇక రాదేమో, నేను ఈ గదిలో ఈ మనిషికి అన్నం వండుతూనే ఉండిపోతానేమో అన్న ఆలోచన చదువుతున్న పేజీ మీద వచ్చి కూర్చునేది. అక్షరాలు కనబడేవి, అర్థం కనబడేది కాదు.

చివరి పరీక్ష రాసిన రోజు మధ్యాహ్నం పటాన్‌చెరు నుంచి షేరింగ్ ఆటోలో వచ్చి దిగాను. ఎండ విపరీతంగా ఉంది. మలుపు తిరగగానే గొట్టం మీద తువ్వాల కనబడింది. పంపడానికి అమ్మ లేదు, చూడమని ఎవరూ చెప్పలేదు, ఎవరి కోసం వేశాడో నాయినకే తెలియాలి, అలవాటుగా వేసి ఉంటాడు. నేను పిలవడానికి వెళ్ళలేదు. పిలవకూడదని నాకు తెలుసు, పిలిస్తే అమ్మ మాట చెడిపోతుంది. ఊరికే దగ్గరికి వెళ్ళి చూడాలనిపించింది, ఆయన మొహం ఎట్లా ఉందో. పరీక్ష అట్టను గుండెలకు అదుముకుని ఇనుప పలక మీద కాలు పెట్టాను. చెప్పుల్లోంచి కూడా కాలింది. అది ధన్ మని మోగింది.

తలలన్నీ తిరిగాయి. నాయిన ముందు నోట్లు కుప్పగా ఉన్నాయి, అంత కుప్ప ఆయన ముందు నేనెప్పుడూ చూడలేదు. కాక ముందు దాదాపు ఏమీ లేదు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, కాక నేను గుర్తుపట్టలేనంత ముసలివాడిలా కనబడ్డాడు. అయినా కట్టు తప్పలేదు ఆయన. చేతిలోని పత్తాలు కింద పెట్టి, పిలుపొచ్చింది లేవరా అన్నాడు నాయినతో. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"పిల్వనీకె ఒచ్చినవా బిడ్డా?"

నాయిన నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అవునని ఒక్కసారి తల ఊపు, అంతే చాలు అని బతిమాలుతున్న చూపు. నేను తల ఊపితే ఆయన ఆ కుప్పంతా తువ్వాలలో మూటకట్టుకుని నా వెంట నడిచి వస్తాడు. కిరాయి తీరుతుంది, కొట్టు బాకీ తీరుతుంది, రాత్రికి బియ్యం వస్తాయి. తల ఊపడం నాకు చేతనైన పని, ఏళ్ళ తరబడి నేను చేసింది అదే. కానీ అట్లా వచ్చిన నాయినను తీసుకెళ్ళి అమ్మ ముందు నిలబెట్టలేను. అమ్మ నన్ను అడుగుతుంది. అడగక తప్పదు, అడిగితే నేను చెప్పక తప్పదు. అప్పుడు ఇక ఎన్నిసార్లు గెలిచినా అమ్మ రాదు.

"లేదు కాక. పరీక్షలు ఒడిశినయి, ఇంటికి పోతున్న. పిల్వ రాలే."

అంతమంది మగవాళ్ళ ముందు నేను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. కాక అట్లనా అని, పత్తాలు కలిపి పంచమన్నాడు. నేను వెనక్కి తిరిగి పలక దిగి, రోడ్డు అవతల మూసి ఉన్న సైకిల్ దుకాణం అరుగు దగ్గర నిలబడ్డాను. ఇంటికి పోతున్నానని చెప్పానే కానీ కాళ్ళు కదలలేదు. పత్తాలు పంచారు. ఒక్కొక్కరూ తీసి చూసుకుంటున్నారు. నాయిన ముందు మూడు పత్తాలు బోర్లా పడి ఉన్నాయి, ఆయన వాటిని ముట్టలేదు. ఆయన వంతు వచ్చింది, ఎవరో మోచేత్తో పొడిచారు, అప్పుడు కూడా ముట్టలేదు. ఆ క్షణంలో నేను దేవుళ్ళనెవరినీ తలుచుకోలేదు, నాయిన చేతి వేళ్ళ వైపే చూస్తూ ఉన్నాను, అవి పత్తాల వైపు పోతాయా, నేల మీద ఆనుకుంటాయా అని.

నేల మీద ఆనాయి. నాయిన లేచి నిలబడ్డాడు.

కాక ఆయన లుంగీ అంచు పట్టుకున్నాడు. రోడ్డు అవతలికి కూడా ఆ మాటలు స్పష్టంగా వినబడ్డాయి, లారీలు తిరగని రోడ్డు కదా.

"పిలుపు లేకుండనే లేస్తున్నవా?"

"లేస్తున్న అన్నా."

"గెల్సిన పైసలు?"

నాయిన కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి వంగి, ఆ కుప్పను రెండు చేతులతో బొంత నడుమకు తోశాడు, ఎవరివి వాళ్ళు తీసుకోండ్రి అన్నట్టు. గొట్టం మీది తువ్వాల ఒక్కటి తీసి భుజాన వేసుకున్నాడు. కాక లుంగీ వదిలేశాడు, కానీ ఆయన మొహంలో సంతోషం లేదు, అవమానమే ఉంది. దానం తీసుకున్నట్టు అనిపించిందేమో.

"ఇగ మల్ల ఈ బొంత మీద నీకు జాగ లేదు," అన్నాడు.

నాయిన సరేనన్నట్టు తల ఊపాడు. అచ్చం నాలాగే, మాట లేకుండా. ఇనుప పలక ఆయన కాళ్ళ కింద మోగింది. నా దగ్గరికి వచ్చి, పరీక్ష ఎట్ల రాసినవు అని అడిగాడు. బాగా రాశానన్నాను. ఇద్దరం ఇంటికి నడిచాం, ఆ సాయంత్రం అటుకులు తిని పడుకున్నాం.

మర్నాడు ఎదురింటి చిన్నమ్మ దగ్గర దారి ఖర్చులు తీసుకుని సంగారెడ్డి వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట చేరాం. దారి పొడవునా నాయిన నాతో ఒక్కటే మాట అన్నాడు, మీ అమ్మ నమ్మదేమో అని. ఆ భయం నాకూ ఉంది. గెలిచి లేచిన మనిషి చేతుల్లో ఏముండాలి? ఈయన చేతుల్లో ఏమీ లేదు. ఓడి వచ్చిన రోజు ఎట్లా ఉండేవాడో అట్లాగే ఉన్నాడు, అదే చొక్కా, అదే ఖాళీ జేబు, ఆకలికి లోపలికి పోయిన అవే బుగ్గలు. అమ్మ అప్పుడే మిరపకాయలు ఏరే కూలి నుంచి వచ్చి, మంట పుడుతున్న చేతులను మజ్జిగ నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. నాయిన గుమ్మం బయటే నిలబడి, నిన్న గెలుస్తున్నప్పుడు లేచి వచ్చానని చెప్పాడు. అమ్మ ముందుగా చూసింది ఆయన జేబు వైపే. అమ్మమ్మ పక్కనుంచి నవ్వింది.

"గెల్సినోని జేబు గిట్లుంటదా అల్లుడా?"

డబ్బంతా వదిలేసి వచ్చానని చెప్పుకుంటే అది ఇంకా పెద్ద అబద్ధంలా వినబడుతుందని నాయినకు తెలుసు. అమ్మ నా వైపు తిరిగింది. చేతులు ఇంకా మజ్జిగ నీళ్ళలోనే ఉన్నాయి.

"ఎవ్వలు పిలిసిండ్రు?"

"ఎవ్వలు పిల్వలే. నేను పోయిన, కాక అడిగిండు. పిల్వ రాలేదని చెప్పిన. నాయిన ఆయంతట ఆయనే లేసిండు. పైసలన్ని ఆడనే పెట్టిండు."

చెప్పి తల వంచుకున్నాను. పెరట్లో తమ్ముడు మేకపిల్లను తరుముతున్న చప్పుడు వినబడింది. మా నలుగురి బతుకు నా ఆ నాలుగు మాటల మీద ఆగి ఉందని నాకు తెలుసు. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త నమ్మేలాగా చెప్పి ఉండాల్సిందేమో, ఎట్లా చెప్పాలో నాకు రాదే అనుకున్నాను. అప్పుడు అమ్మ నీళ్ళలోంచి చేతులు తీసి, కొంగుతో తుడుచుకుంటూ అమ్మమ్మతో అంది.

"దానికి అబద్ధం రాదే అవ్వా. అబద్ధం ఒస్తె ఇంకింత మాట్లాడుతుండె."

ఆ సాయంత్రమే నలుగురం తిరిగి వచ్చాం. ఆ తర్వాత అన్నీ చక్కబడ్డాయని చెప్పను. గది ఖాళీ చేయక తప్పలేదు, ఇంకో గల్లీలో ఇంకా చిన్న గదికి మారాం. నాయిన చాలా రోజులు ఖాళీగానే తిరిగాడు, తర్వాత ఒక గోదాములో కాపలా పని దొరికింది. ఆట మీద మనసు పోయిందా అంటే పోలేదు. ఒకటి రెండుసార్లు ఆ రేకుల వైపు నడిచి వెళ్ళడం నేనే చూశాను. కానీ కాక తాను అన్న మాట నిలబెట్టుకున్నాడు, బొంత మీద నాయినకు చోటివ్వలేదు. కోపంతో చేశాడో, మా మీద దయతో చేశాడో నాకు ఎన్నడూ తేలలేదు. నాయిన చనిపోయినప్పుడు కాకే అందరికంటే ముందు వచ్చి, చివరిదాకా ఉండి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మిల్లు ఉన్న చోట ఇప్పుడు ప్లాట్లు చేసి రాళ్ళు పాతారు. ధర్మకాంటా ఇనుప పలకను గ్యాసుతో ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మేశారని విన్నాను.

ఇవాళ పొద్దున గోడకు చేయి ఆనించి ఇదంతా తలుచుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో, అమ్మ మళ్ళీ నా వైపు చూసేసరికి కదిలాను. గది గుమ్మంలో నిలబడ్డాను. టైల్స్ మీద నా అడుగు చప్పుడు చేయలేదు. తమ్ముడు తల తిప్పలేదు. మరదలు మాత్రం ఒకసారి నన్ను చూసి, మళ్ళీ పిల్లదాని గౌను మడతపెట్టుకుంది. మొన్న వంటింట్లో నా చేయి పట్టుకుని, ఒదినె జెర మీరన్న చెప్పుండ్రి, మీరంటే ఇంటడు అని బతిమాలింది ఆ అమ్మాయి. కాంట్రాక్టు పని పోయినప్పటి నుంచి వాడికి ఇదే పని, మొన్ననే బండిని ఫైనాన్సు వాళ్ళు తీసుకుపోయారు. ఆ ఆట మన రాష్ట్రంలో ఆడకూడదంటారు, అయినా ఏదో దొంగ దారిన దాన్ని తెరిచి ఆడుతూనే ఉంటాడు.

తమ్ముడూ లేవరా, అమ్మ పిలుస్తోంది అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఇంకోసారి అన్నాను. వాడు ఫోన్ మీంచి కళ్ళెత్తకుండా నవ్వాడు.

"గెలుస్తున్న అక్కా. నన్నెవరన్న ఆపుతుండ్రా? ఎప్పుడు బుద్ధి పుడితె అప్పుడు బయటికి రావొచ్చు."

వంగి చూశాను. వాడు చెప్పింది నిజమే, తెర మూలన బయటికి పోవడానికి చిన్న గుర్తు ఉంది. దాన్ని నొక్కితే ఎవరూ లుంగీ పట్టుకోరు, ఎవరూ మొహం మీద ఉమ్మినట్టు అనుకోరు, గెలిచిందంతా తీసుకుపోవచ్చు. తెర మీద గుండ్రంగా కూర్చున్నట్టు కొన్ని బొమ్మలు ఉన్నాయి, వాటి వెనక ఏ ఊళ్ళో ఎవరి ఇంటి బియ్యం ఉందో వాడికి తెలియదు, వీడి ఇల్లు వాళ్ళకు తెలియదు. గడ్డం పెరిగిన కాక లాంటి వాడు ఒక్కడన్నా ఉండి, పిలుపొచ్చింది లేవరా అంటే బాగుండునని నాకు ప్రాణం కొట్టుకుంది. ఆనాడు నాయిన లేవడానికి ఎంతమంది అడ్డం ఉన్నారో, ఆయన లేచాడన్నదానికి అంతమంది సాక్ష్యం ఉన్నారు. వీడికి అడ్డమూ లేదు, సాక్ష్యమూ లేదు. ఆ రోజు మజ్జిగ నీళ్ళ పక్కన అమ్మ నన్ను నమ్మింది కానీ, ఆ మధ్యాహ్నం ఇనుప పలక మీద ఏం జరిగిందో తమ్ముడికి ఎవరమూ ఎప్పుడూ చెప్పలేదు. వాడప్పుడు మేకపిల్ల వెంట పరిగెడుతున్నాడు.

మరదలు సంచి జిప్పు లాగింది. నేను గుమ్మంలోంచి కదలకుండా, నా నీడ వాడి ఫోన్ మీద పడేలా ఇంకొంచెం ముందుకు జరిగి నిలబడ్డాను. వాడు వెలుతురు కోసం అటు తిరిగి కూర్చున్నాడు.